మైలేజీ పడిపోయిన పాత కారు: పెట్రోల్ ఎటు పోతోందో పట్టుకున్న నా అనుభవం

పాత కారులో మైలేజీ ఒక్క రోజులో పడిపోదు, నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. మనం దాన్ని కాసేపు ట్రాఫిక్ మీదికి, కాసేపు ఏసీ మీదికి నెట్టేస్తూ నడిపేస్తుంటాం. నాది ఇరవై ఏళ్లు దాటిన పెట్రోల్ బండి, మల్టీపాయింట్ ఇంజెక్షన్, అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్ముతుంది. సిటీలో లీటరుకు 13 ఇచ్చేది కాస్తా 10కి దిగింది, దానికి తోడు సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి పచ్చి పెట్రోల్ వాసన, కొన్నాళ్లకి చెక్ ఇంజిన్ లైటు.

ముందు మైలేజీ నిజంగానే తగ్గిందా లేదా తేల్చుకోవాలి. ట్యాంక్ ఫుల్ కొట్టించి, నాజిల్ మొదటిసారి 'టక్'మని ఆగిన చోటే ఆపేసి, ఓడోమీటర్ రీడింగ్ రాసుకుని, మళ్లీ అదే పంపులో అలాగే ఫుల్ కొట్టించి లెక్క వేయాలి. ఒక్క ట్యాంకుతో తేలదు. నా బండి డ్యాష్‌బోర్డు సగటు మైలేజీ 12 చూపిస్తోంది, ట్యాంకు లెక్క మాత్రం 10 అంటోంది. ఈ తేడా మొదట వింతగా అనిపించింది కానీ, ఆలోచిస్తే పెద్ద క్లూ అదే. డ్యాష్‌బోర్డు లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి తెలుసు, దాన్ని బట్టి లెక్క కడుతుంది. ఇంజెక్టర్‌తో పని లేకుండా ఇంకో దారిలో ఇంజిన్‌లోకి పోయే పెట్రోల్ ఆ లెక్కలోకి రాదు. దీన్ని అప్పుడే ఒక మూల రాసి పెట్టుకున్నాను.

టైర్ల గాలి, బ్రేకులు పట్టేయడం లాంటివి కూడా చూశాను. బ్రేకు పెద్దగా వాడకుండా కాస్త దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి (తగలకుండా, దగ్గరగా) వేడి పోల్చి చూడటమే, ఒకటి మాత్రం కాలిపోతుంటే ఆ బ్రేకు వదలడం లేదన్నమాట. నా దాంట్లో అలాంటిదేం లేదు. ఎయిర్ ఫిల్టర్ మార్చేయమని అందరూ చెప్పారు. కార్బురేటర్ బండికైతే ఆ సలహా సరైనదే. ఇంజెక్షన్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ పడిపోతుంది గానీ మైలేజీ పెద్దగా మారదు, ఎందుకంటే వచ్చే గాలిని బట్టే ఈసీయూ పెట్రోల్ కొడుతుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు 2009లో పరీక్షించి చెప్పింది కూడా ఇదే.

తర్వాత ప్లగ్గులు విప్పాను. నాలుగింటి మీదా పొడి మసి, వేలితో రుద్దితే కాటుకలా అంటుకుంది. నూనె జిడ్డుగా ఉంటే అది ఆయిల్ కాలడం, ఇది ఆయిల్ కాదు. ఒక్క ప్లగ్గే నల్లగా ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌నో స్పార్క్‌నో అనుమానించవచ్చు, నాలుగూ ఒకేలా ఉన్నాయంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉండేదేదో తేడా. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఇంజిన్ ఆయిల్లోనూ పెట్రోల్ వాసన, లెవెల్ కూడా ఫుల్ గీతకి కొంచెం పైన ఉంది. ఆయిల్ ఎవరూ పోయకుండా లెవెల్ పెరిగిందంటే సిలిండర్లలో కాలని పెట్రోల్ పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారుతోందన్నమాట. మైలేజీ కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే, పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు ఎన్నాళ్లు తట్టుకుంటాయి?

ఈసీయూ రాసిపెట్టుకున్న లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పి0172 వచ్చింది, అంటే మిశ్రమం మరీ రిచ్‌గా (గాలికి తగ్గ పాళ్ల కంటే పెట్రోల్ ఎక్కువగా) ఉందని. పెట్రోల్ ఇంజిన్‌కి సుమారు 14.7 కిలోల గాలికి ఒక కిలో పెట్రోల్ సరిపోతుంది. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఈసీయూ ఆ పాళ్ల చుట్టూనే సవరిస్తూ ఉంటుంది, ఆ సవరణే ఫ్యూయల్ ట్రిమ్. ప్లస్ ఉంటే పెట్రోల్ పెంచుతోందని, మైనస్ ఉంటే కోస్తోందని.

వర్క్‌షాప్‌లో కోడ్ చూడగానే "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చినట్టుంటుంది ఇది. సెన్సర్ చెడిపోదని కాదు, చెడుతుంది, పాతబడ్డాక మందకొడిగా తయారవుతుంది కూడా. కానీ చెడిందో లేదో చూడటానికి పార్టు కొననక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కాక స్కానర్ లైవ్ డేటాలో ముందువైపు (ఇంజిన్‌కి దగ్గరగా) ఉన్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ చూడాలి, ఎక్కువుంటే రిచ్, తక్కువుంటే లీన్ (పెట్రోల్ తక్కువ). పాత తరం జిర్కోనియా సెన్సర్ అయితే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య అటూ ఇటూ గబగబా ఊగుతూ ఉండాలి. నాది 0.8 పైనే అతుక్కుపోయి ఉంది. అప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టాలకి) ఉన్న ఒక సన్నటి వ్యాక్యూమ్ పైపు పీకాను, అదనపు గాలి లోపలికి పోగానే వోల్టేజీ చటుక్కున 0.1 దగ్గరికి పడిపోయింది, పైపు పెట్టగానే మళ్లీ పైకి. అంటే సెన్సర్ బాగానే ఉంది, ఉన్న మాటే చెబుతోంది, లోపల నిజంగానే రిచ్‌గా ఉంది. ఇది అక్కడి మెకానిక్‌కి చూపిస్తే ఆయన కాసేపు స్క్రీన్ వంక చూసి "సరే సార్, అయితే ఇది కాదు" అన్నాడు. తర్వాత సగం పని ఆయనతో కలిసే చేశాను.

ఇక్కడ ఒక మాట. సెన్సర్ మంచిదే అయినా మోసపోయే సందర్భాలున్నాయి. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు ఉంటే బయటి గాలి లోపలికి పోయి లీన్‌గా ఉన్నట్టు కనిపిస్తుంది, ఈసీయూ ఇంకా పెట్రోల్ కొడుతుంది. మిస్‌ఫైర్ అయినా అంతే, కాలని పెట్రోల్‌తో పాటు కాలని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది, సెన్సర్‌కి కనిపించేది ఆక్సిజనే. అప్పుడు ట్రిమ్ ప్లస్‌లో ఉండి పొగ మాత్రం నల్లగా ఉంటుంది. నా బండిలో ట్రిమ్ గట్టిగా మైనస్‌లో ఉంది కాబట్టి ఆ దారి వదిలేశాను.

ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తుంటే, లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ గుర్తుపెట్టుకున్న సవరణ) మైనస్ 24 శాతం, దాదాపు దాని హద్దు. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే మైనస్ 9. ఈ రెండు అంకెల మధ్య తేడా చాలా చెబుతుంది. ఎంతో కొంత పెట్రోల్ స్థిరంగా ఎక్కడి నుంచో కారుతుంటే, ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి ఆ కారే పెట్రోల్ పెద్ద వాటా అవుతుంది, రేజ్ చేస్తే గాలి పెరిగి దాని వాటా తగ్గిపోతుంది. ప్రెషర్ ఎక్కువై అన్ని ఇంజెక్టర్లూ ఎక్కువ కొడుతుంటే మైనస్ అన్ని చోట్లా దాదాపు ఒకేలా ఉండేది. డ్యాష్‌బోర్డు లెక్కకీ ట్యాంకు లెక్కకీ తేడా ఎందుకొచ్చిందో ఇక్కడ అర్థం కావడం మొదలైంది.

కానీ లైవ్ డేటాలోనే ఇంకో తేడా కూడా దొరికింది, దాన్ని ముందు వదిలించుకోవాల్సి వచ్చింది. బండి నిలబడి ఉంటే కూలెంట్ ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటుతోంది, రోడ్డెక్కి కాస్త స్పీడు అందుకోగానే 62, 60 అంటూ దిగిపోతోంది. డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం మధ్యకి కొంచెం కింద ఉంటుందంతే, దాన్ని చూసి ఎవరూ అనుమానించరు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుంటే ఈసీయూ వేడెక్కించడానికి అదనంగా పెట్రోల్ కొడుతుంది, నా బండిలో అయితే ఓపెన్ లూప్‌లోకి కూడా వెళ్లిపోతోంది, అంటే ఆక్సిజన్ సెన్సర్ మాట పక్కనపెట్టేస్తోంది.

ఇలా ఉన్నప్పుడు తప్పు ఉష్ణోగ్రత సెన్సర్‌దా, థర్మోస్టాట్‌దా (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) అని తేల్చాలి. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కూలెంట్ ఉష్ణోగ్రతనీ లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రతనీ పక్కపక్కన చూడాలి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి, నా దాంట్లో ఒక డిగ్రీ తేడా. ఒకటి 25 చూపిస్తూ ఇంకోటి మైనస్ 40 చూపిస్తే ఆ సెన్సర్ వైరో కనెక్టరో తెగిందని. తర్వాత స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. మంచి థర్మోస్టాట్ అయితే ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆ హోస్ చల్లగానే ఉండి, 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఎక్కడో వాల్వ్ తెరుచుకున్నాక ఒక్కసారిగా వేడెక్కుతుంది. నాది మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా అవుతూ వచ్చింది. విప్పి చూస్తే వాల్వ్ ఒకవైపుకి ఒరిగి, చల్లగా ఉన్నా వేలి మందాన తెరుచుకునే ఉంది. కొత్తది, గాస్కెట్, కూలెంట్, అంతే పని. మైలేజీ 11కి వచ్చింది.

వాసన మాత్రం పోలేదు, ఐడిల్ ట్రిమ్ అలాగే ఉంది. ఇక మిగిలింది ఆ కారే పెట్రోల్. ట్యాంకు ఆవిర్లని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుపోతే కూడా ఇలాగే ఉంటుంది, ముఖ్యంగా ఫుల్ ట్యాంక్ కొట్టించాక స్టార్టింగ్ ఇబ్బంది పెడుతుంది. దాని హోస్‌ని ప్లయర్‌తో మెల్లగా నొక్కి పట్టుకున్నాను, ట్రిమ్‌లో ఏ మార్పూ లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ చూశాను, దాని పైపు చిరిగితే ఇంజిన్ మీద ఎప్పుడూ పెద్ద లోడ్ ఉన్నట్టు ఈసీయూ అనుకుంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో 100 కిలోపాస్కల్స్ దగ్గర, ఐడిల్‌లో 34, బాగానే ఉంది.

తర్వాత ఇంజెక్టర్లకి పోయే పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్. రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగిపోయే పైపు) ఉన్న పాత బండ్లలో, ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం, అంటే ఫ్యూయల్ రైల్ చివర చిన్న డబ్బాలా ఉంటుంది, దాని నెత్తి మీద నుంచి ఒక సన్నటి రబ్బరు పైపు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పోతుంది. లోపల ఒక డయాఫ్రమ్, దానికి ఒకవైపు పెట్రోల్, ఇంకోవైపు మానిఫోల్డ్ వ్యాక్యూమ్. ఆ పైపులో గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఆ పైపుని మెలితిప్పి లాగాను. పైపు లోపలి గోడ తడిగా మెరుస్తోంది, తెల్ల గుడ్డ మీద తడితే మచ్చ పడి క్షణాల్లో ఆరిపోయింది, వాసన చెప్పక్కర్లేదు. ఇగ్నిషన్ ఆన్ చేయమని మెకానిక్‌కి చెప్పాను, పంపు 'జూం'మనగానే రెగ్యులేటర్ నాజిల్ అంచున ఒక పెట్రోల్ చుక్క ఉబ్బి, పక్కకి జారింది. డయాఫ్రమ్ చిరిగింది. ఐడిల్‌లో మానిఫోల్డ్ వ్యాక్యూమ్ గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ చిరుగులోంచి పెట్రోల్‌ని నేరుగా పీల్చేసుకుంటోంది, ఇంజెక్టర్లతో సంబంధం లేకుండా, ఈసీయూ లెక్కలోకి రాకుండా. (ఈ పని వేడి ఇంజిన్ మీద చేయొద్దు, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో పెట్టుకోవాలి, చుట్టుపక్కల సిగరెట్ ఎవరూ వెలిగించకుండా చూసుకోవాలి.)

రెగ్యులేటర్ మార్చేటప్పుడే ప్రెషర్ గేజ్ కూడా తగిలించాం. వ్యాక్యూమ్ పైపు తీసి ఉంచితే 3 బార్, పెడితే అందులోంచి సుమారు అర బార్ తగ్గాలి, తగ్గింది. ఇంజిన్ ఆపాక ముల్లు ఎలా దిగుతుందో చాలాసేపు చూశాం. గబగబా పడిపోతే ఇంజెక్టర్లు కారుతుండొచ్చు, లేదా పంపు దగ్గరి చెక్ వాల్వ్ నిలబెట్టలేకపోతుండొచ్చు. మాది నిలబడింది, కాబట్టి ఇంజెక్టర్ల జోలికి పోలేదు. పోయుంటే అనవసర ఖర్చయ్యేది.

ట్రిమ్ మైనస్ 24 నుంచి మైనస్ 11కి వచ్చి అక్కడే ఆగింది. మెకానిక్‌కి మళ్లీ అనుమానం మొదలైంది. అసలు సంగతి ఏంటంటే ఇంజిన్ ఆయిల్లో కలిసిపోయిన పెట్రోల్ వేడికి ఆవిరై, పీసీవీ పైపు (ఇంజిన్ అడుగున చేరిన ఆవిర్లని ఇన్‌టేక్‌కి పంపేది) గుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకే వస్తుంది. ఆయిల్, ఫిల్టర్ మార్చి, కొత్త ప్లగ్గులు పెట్టి, పాత ట్రిమ్ చెరిపేసి నడిపితే ప్లస్ మైనస్ 3 లోపల ఆడటం మొదలుపెట్టింది. ఈ ఒక్క విషయం తెలియక రిపేరు సరిగ్గా చేసి కూడా ఇంకేదో పోయిందని పార్టులు మార్చుకుంటూ పోయేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు ట్యాంకు లెక్క 12.7, డ్యాష్‌బోర్డు 12.8. ఇంకా ఒక అనుమానం మిగిలింది, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. ఇన్నాళ్లు కాలని పెట్రోల్ దాని మీద పడింది, అది లోపల కాలి కన్వర్టర్‌ని అతిగా వేడెక్కిస్తుంది. కన్వర్టర్ తర్వాత ఉండే వెనక ఆక్సిజన్ సెన్సర్ నిలకడగా ఉండాల్సింది పోయి ముందు సెన్సర్‌తో పాటు అప్పుడప్పుడు ఊగుతోంది. కోడ్ ఏదీ రాలేదు. పి0420 (కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదనే కోడ్) వస్తే అప్పుడు చూద్దామని స్కానర్ మాత్రం బండిలోనే ఉంచాను.