జబ్బ పట్టేసిన పద్నాలుగు నెలలు

వెనక హుక్కులున్న జాకెట్టు వేసుకోబోతే ఎడమ చెయ్యి నడుము దాటి పైకి రాలేదు. నొప్పి అంతకు రెండు నెలల ముందు నుంచీ ఉంది. దెబ్బ తగల్లేదు, కింద పడలేదు కాబట్టి నీళ్ల బకెట్టు ఎత్తినందుకేమో అని సరిపెట్టుకున్నాను. 52 ఏళ్లు, 11 ఏళ్లుగా షుగరు. ఈ రెండు ముక్కలు వినగానే ఎముకల డాక్టరుగారు ఇది జబ్బ పట్టేయడమే (ఫ్రోజెన్ షోల్డర్) అని సగం తేల్చేశారు.

మిగతా సగం చేత్తో చూసి తేల్చారు. మోచేతిని 90 డిగ్రీలు మడిచి, డొక్కకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమన్నారు. కుడిది 70 డిగ్రీల దాకా పోయింది. ఎడమది 15 దగ్గర ఆగిపోయింది. ఆయన పట్టుకుని తిప్పినా అక్కడే ఆగింది. ఫ్రోజెన్ షోల్డర్‌కి గుర్తు అదే. భుజం చుట్టూ ఉండే కండర తాడు చిరిగితే మనంతట మనం ఎత్తలేకపోయినా, ఇంకొకరు ఎత్తితే చెయ్యి లేస్తుంది. ఇందులో ఎవరు ఎత్తినా లేవదు. ఎక్స్‌రే మాత్రం మామూలుగానే వస్తుంది. కీలు అరిగినా ఇలాగే బిగుసుకుంటుంది కాబట్టి, అది లేదని రూఢి చేసుకోవడానికే ఎక్స్‌రే. "ఫిల్ములో ఏమీ లేదటగా" అని ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకునేది కూడా ఇక్కడే. మూడు నెలల షుగరు సగటు (HbA1c), థైరాయిడ్ పరీక్షలు కూడా రాశారు. ఈ రెండు జబ్బులున్నవాళ్లకి జబ్బ పట్టేయడం మిగతావాళ్లకంటే ఎక్కువ. నా షుగరు సగటు 8.9 శాతం ఉంది.

గూడ కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. చెయ్యి వేలాడేటప్పుడు దాని అడుగు భాగం చంక వైపు వదులుగా మడతపడి ఉంటుంది, ఎత్తినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది. ఆ పొర వాచి, మందమెక్కి, మడత కురచైపోతే ఇక విచ్చుకోదు. చంకలో బిగుతుగా కుట్టిన జాకెట్టు వేసుకుని అటక మీది డబ్బా అందుకోబోతే ఎలా పట్టేస్తుందో, అచ్చం అలాగే. 1934లో దీనికి ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టింది బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్. లోలకంలా చెయ్యి ఊపే వ్యాయామం కూడా ఆయన పేరు మీదే ఉంది.

ఈ జబ్బులో నొప్పిది ఒక దారి, బిగుతుది ఇంకో దారి. మొదటి దశలో రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి. రెండో దశలో నొప్పి తగ్గుతుంది, బిగుతు పూర్తిగా దిగుతుంది. నొప్పి పోయింది కదా అని చాలామంది ఫిజియోథెరపీ మానేసేది సరిగ్గా అప్పుడే. మూడో దశలో మెల్లగా వదులవుతుంది. అంతా కలిపి ఏడాది నుంచి మూడేళ్లు.

మొదటి దశలో నేను రెండు తప్పులు చేశాను. మందుల షాపులో మెడకి తగిలించుకునే చేతి పట్టీ (స్లింగ్) కొని రెండు వారాలు చెయ్యి వేలాడేసుకున్నాను. కదలకపోతే ఆ పొర ఇంకా కురచైపోతుంది. ఆ తర్వాత భయపడి, ఒకరి చేత బలంగా లాగించుకున్నాను. వాచి ఉన్న పొరని లాగితే వాపు పెరుగుతుంది తప్ప సాగదు. ఆ రాత్రంతా కూర్చునే ఉన్నాను.

స్కానింగులో చూస్తూ కీలు లోపలికి 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఇంజెక్షన్ ఇచ్చారు. షుగరున్నవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. పరగడుపున 140 ఉండేది మూడు రోజులపాటు 250 దాటింది, వారానికి దిగింది. గ్లూకోమీటరు దగ్గర పెట్టుకుని, మాత్రల మోతాదు సంగతి షుగరు డాక్టరుగారిని ముందే అడిగి ఉంచుకోవడం మంచిది. ఇంజెక్షన్ బిగుతుని విప్పదు. నొప్పిని కొన్ని వారాలు అణిచి, వ్యాయామానికి సందు ఇస్తుంది. ఆ సందు వృథా చేసుకుంటే మళ్లీ మొదటికే.

వ్యాయామానికి ముందు పది నిమిషాలు వేడి కాపడం, బట్ట అడ్డం పెట్టి. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లకి ఒళ్లు కాలినా తెలియదు. తర్వాత కుడిచెయ్యి బల్ల మీద ఆన్చి, ముందుకి వంగి, ఎడమ చేతిని వేలాడదీసి పళ్లెమంత సున్నాలు చుట్టడం. ఊగేది ఒళ్లు, చెయ్యి దాంతోపాటు ఊరికే ఊగాలి. మూడోది నాకు అన్నిటికంటే పనికొచ్చింది. వెల్లకిలా పడుకుని, ఎడమ మోచేతికీ డొక్కకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, రెండు చేతులతో ఒక కర్ర పట్టుకుని, కుడిచేత్తో ఎడమ ముంజేతిని బయటికి నెట్టడం. 20 నుంచి 30 సెకన్లు ఆపి, అయిదుసార్లు, రోజుకి మూడు పూటలు. తువ్వాలు జారిందంటే మోచెయ్యి పక్కకి తేలుతోందని, అంటే దొంగలెక్కే.

దొంగలెక్క గోడ మీద ఇంకా ఎక్కువ. వేళ్లతో గోడ పాకి రోజూ పెన్సిలు గీత పెట్టేదాన్ని. గీతలు పైకి పోతుంటే మురిసిపోయాను. ఫిజియో అమ్మాయి అద్దం పక్కన నిలబెట్టి, "ఆంటీ, చెవిదాకా ఎగురుతోంది మీ భుజమే, కీలు కాదు" అంది. ఆ రోజే గీత జానెడు కిందికి దిగింది, అసలు లెక్క అక్కడి నుంచి మొదలైంది. వ్యాయామం తర్వాత నొప్పి అరగంటలో సర్దుకుంటే సరే. ఆ రాత్రి నిద్ర చెడితే మర్నాడు సగమే చేయాలి.

ఆరు నెలలైనా కదలకపోతే కీలులోకి సెలైన్ ఎక్కించి ఆ పొరని సాగదీయడం, మత్తిచ్చి చెయ్యి వంచడం, చిన్న రంధ్రాల నుంచి పొరని కోయడం వరుసగా ఉన్నాయన్నారు. మత్తులో వంచేటప్పుడు ఎముక గుల్లబారి ఉంటే విరిగే ప్రమాదం ఉంది. నాకు అంతదాకా రాలేదు.

చొక్కా అయినా జాకెట్టు అయినా నొప్పి చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. వెల్లకిలా పడుకుంటే జబ్బ కింద చిన్న దిండు, కుడివైపు తిరిగితే గుండెకి హత్తుకోవడానికి ఒకటి. ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, నాలుగో నెలలో నాకే తోచింది.

పద్నాలుగో నెలకి ఎడమ ముంజెయ్యి 60 డిగ్రీలు బయటికి తిరుగుతోంది, జడ వేసుకోగలుగుతున్నాను. అన్నిటికంటే ఆఖరున వచ్చేది వీపు వెనక్కి పోయే కదలిక, అది ఇంకా పూర్తిగా రాలేదు. కాబట్టి ముందు హుక్కుల జాకెట్లే కుట్టించుకుంటున్నాను. షుగరున్నవాళ్లకి రెండో వైపు జబ్బ కూడా పట్టేయొచ్చు గనక, ప్రతి ఒకటో తారీఖున కుడి మోచేతిని డొక్కకు ఆనించి బయటికి తిప్పి చూసుకుంటున్నాను. ఇప్పటికైతే 70కి పోతోంది.