పాము పెట్టిన మణులు, ఏనుగు పెట్టిన పత్రి

ఏ వేదంబు పఠించె లూత, భుజగం బే శాస్త్రముల్ సూచె, దా
నే విద్యాభ్యసనం బొనర్చె గరి, చెంచే మంత్ర మూహించె, బో
ధావిర్భావ నిదానముల్ చదువులయ్యా? కావు, మీ పాద సం
సేవాసక్తియె కాక జంతుతతికిన్ శ్రీకాళహస్తీశ్వరా!

తిరుపతిలో ఉండే మాకు కాళహస్తి అంటే పొద్దున్నే బస్సెక్కి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసేంత దూరం. ఎన్నోసార్లు వెళ్లాను. ధూర్జటి పద్యమూ చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. కానీ పోయిన కార్తీకంలో ఒక సోమవారం క్యూలో నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఈ పద్యం నన్ను వదల్లేదు. అంతకు నాలుగు రోజుల ముందు బడిలో నేనొక తప్పు చేశాను. అది మనసులో మెదులుతూనే ఉంది.

సాలీడు ఏ వేదం చదివింది, పాము ఏ శాస్త్రం చూసింది, ఏనుగు ఏ విద్య నేర్చింది, చెంచు తిన్నడు ఏ మంత్రం జపించాడు? జ్ఞానం పుట్టడానికి మూలకారణం చదువులా? కాదయ్యా, నీ పాదాలను సేవించాలన్న ఆసక్తే. ఇదీ భావం.

నేను లెక్కల టీచర్ని. చదువు చెప్పి బతికే మనిషికి ఈ మాట అంత సులువుగా మింగుడుపడదు. చదువులు కావంటే మరి మేమెందుకు? అయితే ఈ మాట అన్నది చదువు రానివాడు కాదు. శార్దూల పద్యాన్ని ఇంత అలవోకగా నడిపిన మహాకవి. ఆయన చదువును వద్దనలేదు, మొదలు ఎక్కడుందో చూపించాడు. అది ఆసక్తి. పిల్లవాడిలో అది లేకపోతే నేనెన్ని సూత్రాలు రాయించినా నోట్సు నిండుతుందే తప్ప లోపల ఏమీ పుట్టదు.

ఒకసారి ఈ పద్యం బోర్డు మీద రాస్తే, ఒక పిల్లాడు "నిదానముల్ అంటే మెల్లగా అనా మేడమ్?" అని అడిగాడు. ఇక్కడ మూలకారణం అని అర్థం చెప్పాను. కానీ వాడన్న అర్థం కూడా నాకు నచ్చింది. బోధ నిదానంగానే పుడుతుంది. సిలబస్ అయిపోవాలన్న టెన్షన్‌లో మేం మర్చిపోయేది దాన్నే.

ఇక నా తప్పు. ఆరో తరగతి పరీక్షలో ఒక లెక్క ఇచ్చాను. మూర పూలు 25 రూపాయలైతే 18 మూరలు ఎంత? ఒక అమ్మాయి పేపర్లో రెండే సంఖ్యలు ఉన్నాయి. 500, దాని కింద 50. పక్కన జవాబు 450. గుణకారం లేదు, సోపానాలు లేవు. ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, 'పద్ధతి ఏది?' అని రాసి, సగం మార్కులు తీసేశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చి, గొడవేమీ పడకుండా అంది: "మా అమ్మ ఇట్లే లెక్కేస్తాది మేడమ్. ఇరవై మూరలకు ఐదు వందలు. రెండు మూరలది యాభై తీసేస్తే సరి."

వాళ్లమ్మ గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్ముతుంది. ఆవిడ చేసేది మా పాఠ్యపుస్తకంలో ఉన్న విభాగ న్యాయమే. 25 × (20 − 2). నేను వారం రోజులు కష్టపడి చెప్పే పాఠం, సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని మాల కడుతూ ఆ పిల్ల నేర్చేసుకుంది. దాన్ని నేను తప్పని కొట్టేశాను.

కాళహస్తి కథ తెలుసు కదా. పాము ఎంతో ప్రేమతో మణులు తెచ్చి లింగం మీద పెట్టేది. ఏనుగు వచ్చి, స్వామి మీద ఈ రాళ్లేమిటి అని తీసేసి, తొండంతో నీళ్లు పోసి పత్రి పెట్టేది. మర్నాడు పాము వచ్చి చూస్తే మణులు లేవు. రెంటిదీ భక్తే. చివరికి పాము ఏనుగు తొండంలో దూరింది, ఆ బాధ తట్టుకోలేక ఏనుగు తల బాదుకుంది, రెండూ ప్రాణాలు విడిచాయి. చిన్నప్పుడు ఈ కథలో నాకు పాము కోపమే కనిపించేది. ఆ సోమవారం ఏనుగు కనిపించింది. దానికి దురుద్దేశం లేదు. శుభ్రం చేస్తున్నాననుకుంది. ఎర్ర పెన్ను పట్టుకున్నప్పుడు నేనూ అదే అనుకున్నాను.

స్వామి మాత్రం రెంటినీ తీసుకున్నాడు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఆ మూడు పేర్లనూ తన పేరు చేసుకున్నాడు. తిన్నడి సంగతి ఇంకా గొప్పది. నోటితో తెచ్చిన నీళ్లతో అభిషేకం, రుచి చూసిన మాంసం నైవేద్యం. ఏ ఆగమం ఒప్పుకుంటుంది? అయినా ఆ తిన్నడే భక్త కన్నప్ప అయ్యాడు. ఈనాటికీ మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీదే జరుగుతుంది. స్వామివారి ధ్వజం ఆ తర్వాతే. బడిలో మేం ఎవరిని ముందు నిలబెడుతున్నామో అనుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

గర్భాలయంలో వాయులింగం ముందు దీపం రెపరెపలాడుతోంది. నాకు దొరికింది అర నిమిషం. ఏమీ కోరుకోలేదు. ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చింది, అంతే.

మర్నాడు ఆ పేపరు తిరిగి తీసుకుని మార్కులు సరిచేశాను. తర్వాత ఆ లెక్కను బోర్డు మీద ఆ అమ్మాయితోనే చెప్పించాను. మొదట గొంతు పెగల్లేదు. పూల మాట రాగానే చెయ్యి దానంతట అదే లేచి, మోచేతి దాకా మూర కొలిచి చూపించింది. వెనక బెంచీలో ఆటో నడిపే ఆయన కొడుకు లేచి, "నేనైతే పద్దెనిమిదిలో సగం తొమ్మిది, తొమ్మిది యాభైలు అని చేస్తా మేడమ్" అన్నాడు. పుస్తకంలోని గుణకారం కూడా పక్కనే రాశాను, రేపు పరీక్షల్లో దానికీ మార్కులుంటాయి కాబట్టి. మూడు దార్లలోనూ వచ్చింది 450. బెల్లు కొట్టాక డస్టర్ తీసుకోబోయిన లీడర్‌ని ఆగమన్నాను. ఇంకా రాసుకుంటున్న పిల్లలున్నారు.