అన్నం తిన్నాక నాన్న ఎందుకు కూర్చుండిపోయేవాడో

మా నాన్నది కొబ్బరికాయల వ్యాపారం. అంబాజీపేట దగ్గర పల్లె మాది. పొద్దున్నే దింపు చూసుకుని, కాయలు లెక్కపెట్టించి, మనుషులు తక్కువైతే తనే బస్తా భుజానికెత్తుకుని లారీ దాకా మోసేవాడు. అదే మనిషి మధ్యాహ్నం అన్నం తిన్నాక అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంటే గంట దాకా లేచేవాడు కాదు. ఎవరైనా వచ్చి పిలిస్తే నోటితో జవాబు చెప్పకుండా ఎడమ అరచెయ్యి ఎత్తి, ఆగు అన్నట్టు చూపించేవాడు. ఆ అరచెయ్యి నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. "కడుపు నిండితే వీడికి కాలు కదలదు" అనేది మా నాయనమ్మ. అందరం నవ్వేవాళ్లం.

1989లో కనుమ నాడు, భోజనాలయ్యాక, ఎవరో కేకేస్తే కాలువ గట్టు మీదుగా గబగబా వెళ్తూ పడిపోయాడు. అప్పటికి 41 ఏళ్లు. గుండెపోటు అన్నారు. నాకు పదకొండు, తమ్ముడికి తొమ్మిది.

ముప్పై మూడేళ్ల తర్వాత, 2022 మే నెలలో, ఓ పెళ్లి భోజనం చేసి డాబా మెట్లెక్కుతుంటే నా ఛాతీ పట్టేసింది. అంతకుముందు రెండేళ్లుగా ఉన్నదే, గ్యాస్ అనుకుంటూ వచ్చాను. దగ్గర్లో ఉన్న డాక్టర్ నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టించారు. రెండు నిమిషాల్లో కళ్లు తిరిగి అక్కడే పడిపోయాను. ఆయన్ని తప్పుపట్టను, ఛాతీ నొప్పి అంటే ఎక్కువమంది చేసేది అదే. ఆ తర్వాత ఒకచోట ఎకో, అంటే గుండె స్కాన్, తీసి, గుండె గోడ కాస్త మందంగా ఉంది, బీపీ వల్లే అయ్యుంటుందన్నారు. నాకు బీపీ ఎప్పుడూ లేదు. ఆ మాట చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ బాధే.

రాజమండ్రిలో చూసిన రెండో డాక్టర్ స్కాన్ కంటే ముందు ఒక ప్రశ్న అడిగారు: "మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. నాన్న గురించి చెప్పాను. అన్నం తిన్నాక అరుగు మీద కూర్చునే సంగతీ చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన రాయడం ఆపి నా వైపు చూశారు.

ఎకో తీస్తూ ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కమన్నారు. గుండె లోపలికీ రక్తం బయటికి వెళ్లే దారికీ మధ్య మామూలుగా 24 ఉన్న ప్రెషర్ తేడా, ముక్కినప్పుడు 76కి వెళ్లింది. రెండు గదుల మధ్య గోడ 18 మిల్లీమీటర్లు. 15 గానీ అంతకు మించి గానీ ఉండి, అందుకు బీపీ లాంటి కారణమేదీ కనబడకపోతే దాన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అంటారు. గుండె కండరం దానంతటదే మందమయ్యే జబ్బు. ఐదొందల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. కొత్త జబ్బేమీ కాదు, ఉన్నట్టుండి చనిపోయిన యువకుల గుండెల్లో ఈ మందాన్ని 1958లోనే లండన్‌లో డొనాల్డ్ టియర్ అనే పాథాలజిస్టు వివరించాడు.

కాలువల మధ్య పుట్టినదాన్ని కాబట్టి నాకిది లాకుల లెక్కలోనే అర్థమైంది. తలుపు సగం దించితే నీళ్లు ఆ సందులోంచి ఉరుకుతాయి కదా. మందమైన గోడ వల్ల రక్తం బయటికి వెళ్లే దారి అలా ఇరుకవుతుంది. ఆ ఉరవడికి గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం రెక్క కూడా గోడవైపు లాక్కుపోయి దారిని ఇంకా మూసేస్తుంది. గుండె నిండుగా ఉంటే గోడలు ఎడంగా ఉంటాయి, ఫరవాలేదు. లోపలికొచ్చే రక్తం తగ్గితే గోడలు దగ్గరకొస్తాయి. కడుపు నిండా తిన్నాక రక్తం పేగులవైపు మళ్లుతుంది. ఎండలో ఒళ్లు ఎండిపోయినా అంతే. సార్బిట్రేట్ రక్తనాళాలను వదులు చేస్తుంది కాబట్టి గుండెకు తిరిగొచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. నేను పడిపోయింది అందుకే. నాన్న కూర్చుండిపోయిందీ అందుకే. బద్ధకం కాదు. ఒంట్లో జరుగుతున్నదేదో ఆయనకు తెలిసింది, దానికి పేరే తెలియలేదు.

ఆ రోజు కారులో వస్తూ చాలా ఏడ్చాను. నవ్వినందుకు.

జన్యు పరీక్షలో మైబీపీసీ3 అనే జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారిందని తేలింది. ఆ మార్పు వల్ల గుండె కండరంలో ఉండాల్సిన ఒక ప్రొటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. నా కూతురికి రాలేదు. కొడుక్కి వచ్చింది, కానీ ఎకో మామూలుగానే ఉంది, ఏటా చూపించుకుంటున్నాడు.

తమ్ముడు మాత్రం ఏడాదిన్నర రానన్నాడు. రొయ్యల చెరువులు వాడివి. "రోజంతా గట్టు మీద తిరుగుతున్నాను, నాకేం జబ్బక్కా?" అనేవాడు. ఓ ఆదివారం భోజనం చేసి లేచి, రెండొందల గజాలు లేని చెరువుకి బండి తీశాడు. "పొద్దున నడిచే వెళ్లావుగా, ఇప్పుడు బండెందుకురా?" అన్నాను. తాళం చెయ్యి తిప్పబోయినవాడు ఆగిపోయాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు నాతో వచ్చాడు. గోడ 21 మిల్లీమీటర్లు, అదే జన్యు మార్పు. రోజంతా గుండె లయను రాసే హోల్టర్‌లో గుండె లయ కూడా తప్పుతోంది. నాన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకుని ఐసీడీ అమర్చారు. లయ ప్రాణాంతకంగా తప్పితే షాకిచ్చి సరిచేసే పెట్టె అది.

అమ్మకు పరీక్ష చేయిస్తే లేదు. ఇద్దరు పిల్లలకూ ఒకే మార్పు ఉండి అమ్మకు లేదంటే, అది వచ్చింది నాన్న నుంచే. పోస్టుమార్టం జరగని మనిషికి అన్నేళ్ల తర్వాత అలా జబ్బు పేరు దొరికింది.

మనలో వందకి నలుగురికి ఈ జబ్బు జన్యువులోనే ఉందన్న భయం గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో ఇది ఇంకా తిరుగుతోంది. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ గారి బృందం, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి, ఇదే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని, దాంతో గుండె కండర జబ్బుల ముప్పు పెరుగుతుందని చూపించింది. చాలా విలువైన పని. మన రక్తనమూనాలతో, మన దగ్గర జరిగిన పని. కానీ తర్వాతి పరిశోధనలు దాన్ని ఇంకా లోతుగా చూశాయి. ఆ 25 అక్షరాల లోపం ఒక్కటే ఉన్న చాలామందికి జబ్బు రాదని, అదే జన్యువులో మరో అరుదైన మార్పు జతపడిన కొద్దిమందిలోనే అసలు ముప్పు ఉంటుందని తేలుతోంది. కాబట్టి ఆ ఫార్వర్డ్ చూసి నిద్ర పోగొట్టుకోకండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా అన్నది ముందు చూసుకోండి.

మేనరికం సంగతి వేరు. మా అబ్బాయికి తమ్ముడి కూతుర్నే చేసుకోవాలని అమ్మ ఎప్పటినుంచో అనుకుంటోంది. ఆ పిల్లకూ ఈ మార్పు ఉంది. ఇద్దరికీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండువైపుల నుంచీ అదే మార్పు వచ్చే అవకాశం నాలుగో వంతు, అలాంటి పిల్లలకు పసితనంలోనే గుండె పాడవుతుంది. నేను వద్దన్నాను. అమ్మ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పరవాలేదు, మాట్లాడకపోయినా సరే.

నేనిప్పుడు గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ మాత్ర మీదే ఉన్నాను. కడుపు నిండా తినను, ఎండాకాలం నీళ్లు ఆపను. మందులు పని చేయకపోతే గోడను సర్జరీతో చెక్కడమో, ఆల్కహాల్‌తో పలచన చేయడమో ఉన్నాయి. ఇప్పుడు మావాకామ్టెన్ అనే మందు కూడా వచ్చింది. గుండె పోగుల్లో మయోసిన్ అనే ప్రొటీన్ తలలు తెడ్లు వేసినట్టు లాగుతాయి. ఈ జబ్బులో ఒకేసారి మరీ ఎక్కువ తెడ్లు పడతాయి, ఈ మందు కొన్నిటిని నీళ్లలోంచి పైకి తీసి ఉంచుతుంది. 251 మందితో 30 వారాలు జరిగిన ఎక్స్‌ప్లోరర్ ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. ఆయాసమూ శక్తీ కలిపి చూసిన లెక్కలో మందు వాడినవాళ్లలో 37 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 17 శాతం మందికి మెరుగైంది. 2022లో అమెరికా అనుమతించింది. తెడ్లు మరీ తగ్గితే గుండె బలహీనపడుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎకో తీస్తూనే ఉండాలి. మెటోప్రొలాల్‌తో నా 76 కాస్తా 34కి దిగింది, అందుకే నాకింకా అవసరం లేదన్నారు.

స్కూల్లో మిగిలిన ఒక చార్టు మీద నాయనమ్మ పేరు పైన రాసి, కింద ఆవిడ సంతానమంతా గీశాను. ఇరవై ముగ్గురం. పక్కన ఎకో తేదీలు. పదిహేను నిండాయి. పెదనాన్న కొడుకులు మొన్ననే చేయించుకున్నారు, ఒకడికి ఉంది. మిగిలినవాళ్లలో మేనత్త కొడుకు కువైట్‌లో డ్రైవర్. ఫోన్ చేస్తే ముందు నవ్వాడు, తర్వాత, "వదినా, మెట్లెక్కితే నాక్కూడా అలాగే ఉంటోంది" అన్నాడు. సంక్రాంతికి వస్తున్నాడు. కనుమ మర్నాడు పదిన్నరకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.