పులిని చూడనివారు గీసిన పులులు

జపాన్‌లో క్యోటోలోని నిజో కోటలో నినోమరు భవనానికి వెళ్లినప్పుడు నాకు మొదట వినిపించింది నేల. బూట్లు అరలో పెట్టి మేజోళ్లతో వసారాలోకి అడుగుపెట్టగానే కాళ్ల కింద పిట్టలు కూసినట్టు కిచకిచలు. శత్రువు అలికిడి తెలియడానికే అలా కట్టారని ఎక్కడో చదివి మురిసిపోయాను. తీరా చూస్తే, పలకల కింద ఇనుప కొక్కేలూ మేకులూ అరిగి ఒరుసుకోవడం వల్ల వచ్చే చప్పుడేనని అక్కడి బోర్డు. కథే బాగుందనిపించింది.

1603లో షోగున్, అంటే చక్రవర్తి పేరుతో దేశాన్ని ఏలే సేనాధిపతి, తొకుగావా ఇయెయాసు కట్టించిన కోట ఇది. 1626లో చక్రవర్తి రాక కోసం మనవడు ఇయెమిత్సు దీన్ని పెంచి, గదులన్నీ కానో వంశపు చిత్రకారుల బొమ్మలతో నింపించాడు. వారికి పెద్ద తాన్యూ. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు!

సందర్శకులు ఎదురుచూసే మొదటి గదుల్లో బంగారు రేకుల మీద పులులు, చిరుతలు. గీసినవారు పులిని ప్రాణంతో చూసినవారు కాదు, వచ్చిన తోళ్లను బట్టి గీశారు. చిరుత అంటే ఆడపులి అనుకున్నారట! కళ్లు పిల్లి కళ్లలా గుండ్రంగా ఉన్నాయి, ఒళ్లు మెత్తగా జారినట్టుంది. నల్లమల పక్కన పుట్టినవాడిని, నవ్వొచ్చింది. కానీ షోగున్ పిలుపు కోసం మోకాళ్ల మీద కూర్చుని గంటలు వేచిన సామంత ప్రభువుకు నవ్వొచ్చి ఉండదు.

షోగున్ కొలువు తీరే పెద్ద హాలులో పులులు లేవు. పైన్ చెట్లే. కొమ్మలు తలుపుల పైనున్న గోడ దాకా పాకి, ఎత్తైన వేదిక మీద కూర్చునేవాడి తలపై గొడుగు పడతాయి. గది మధ్యనున్న చెక్కడపు జాలీ మందం 35 సెంటీమీటర్లు, రెండు వైపులా వేర్వేరు బొమ్మలు. తల వెనక్కి వాల్చి చూసి చూసి మెడ పట్టేసింది. ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే. గోడల మీద ఇప్పుడున్నవి చాలావరకు నకళ్లని తెలిసి మాత్రం మనసు చివుక్కుమంది. అసలువి అదే ఆవరణలోని ప్రదర్శనశాలలో ఉంటాయి.

అధికారాన్ని చక్రవర్తికి అప్పగిస్తున్నట్టు 1867లో చివరి షోగున్ యోషినోబు ప్రకటించింది ఈ కోటలోనే.

చివరన షోగున్ సొంత గదులు. అక్కడ ఆ బంగారు తళుకు లేదు. నల్లసిరాతో కొండలు, నీళ్లు, పొగమంచు. బయటివాళ్లకు పులులు, తనకు మంచు. అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాను. వెనక ఎవరో నడుస్తుంటే నేల కూసింది, పక్కకు జరిగాను.