ఆ లైసెన్స్ ఎవరి దగ్గరుంది?

మొన్న రాత్రి పదకొండింటికి రూమ్‌లో ల్యాప్‌టాప్ తీస్తే మాట్‌ల్యాబ్ (లెక్కలకీ గ్రాఫులకీ వాడే సాఫ్ట్‌వేర్) తెరుచుకోలేదు. లైసెన్సులన్నీ వాడుకలో ఉన్నాయట. పొద్దున్నే గైడ్‌కి గ్రాఫులు చూపించాలి. టెన్షన్ మామూలుగా లేదు. డిపార్ట్‌మెంట్ సపోర్ట్‌కి కాస్త ఘాటుగానే మెయిల్ కొట్టాను.

పొద్దున సిస్టమ్ అడ్మిన్ గారు పిలిచి స్క్రీన్ చూపించారు. మావి ఫ్లోటింగ్ లైసెన్సులు. అంటే సాఫ్ట్‌వేర్‌ని ఎన్ని మెషిన్లలో వేసుకున్నా, తెరిచినప్పుడల్లా అది లైసెన్స్ సర్వర్‌ని అడిగి ఒక సీటు తీసుకుంటుంది. మూసేస్తేనే తిరిగిస్తుంది, లైబ్రరీ పుస్తకంలాగా. టూల్‌బాక్సుల (దానికి తోడుగా వచ్చే అదనపు ప్యాకేజీల) లెక్క మళ్లీ వేరు. జాబితాలో ఒక సీటు మూడు రోజులుగా ఒకే యూజర్ దగ్గర ఉండిపోయింది. చూస్తే ఆ యూజర్‌నేమ్ నాదే! ల్యాబ్‌లో నేను ఆపింది మానిటర్‌ని. ప్రోగ్రామ్ లోపల నడుస్తూనే ఉంది.

ఆయన నవ్వినా బాగుండేది. నవ్వలేదు.

"సీటు దొరకనప్పుడు ఆక్టేవ్‌లో చూడు బాబూ" అన్నారంతే. జాన్ ఈటన్ 1992లో రాయడం మొదలుపెట్టిన, మాట్‌ల్యాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అది, లైసెన్స్ సర్వర్ గొడవే లేదు. పేరు ఎప్పుడో విన్నాను గానీ (నిజం చెప్పాలంటే చిన్నచూపు) ఎప్పుడూ వాడలేదు. నా స్క్రిప్టులు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే నడిచాయి. ఒకచోట మాత్రం స్టాటిస్టిక్స్ ప్యాకేజీని విడిగా లోడ్ చేయాల్సి వచ్చింది.

సాయంత్రం సారీ చెబుతూ ఇంకో మెయిల్ పెట్టాను. టికెట్ అప్పటికే మూసేశారు. కారణం దగ్గర ఒకే మాట: 'యూజర్'.