టీకా మందు ధర వేరు, బిడ్డకు టీకా అందే ధర వేరు

పసిపిల్లల ఆరోగ్యం కోసం విరాళాలు కోరే ప్రకటనల్లో ఒక లెక్క తరచుగా కనిపిస్తుంది: మీరిచ్చే ఈ కొద్ది మొత్తంతో ఇంతమంది పిల్లలకు తట్టు టీకా వేయించవచ్చు, అని. ఆ లెక్క అబద్ధమేమీ కాదు. పేద దేశాల కోసం యూనిసెఫ్ పెద్ద మొత్తంలో కొనే తట్టు, రుబెల్లా టీకా ఒక మోతాదు ఒక డాలరు లోపే వస్తుంది. అయితే అది మందు ధర మాత్రమే. ఆ మందు చెడిపోకుండా ప్రయాణించి, తగిన వయసులో ఉన్న బిడ్డకు అంది, ఆ సంగతి రిజిస్టరులో నమోదై, తర్వాతి మోతాదుకు ఆ తల్లి మళ్లీ వచ్చేదాకా అయ్యే మొత్తం ఖర్చులో అదొక చిన్న వాటా. కొన్నేళ్లుగా ఇటువంటి సంస్థలకు నెలనెలా కొంత పంపుతూ, వాటి వార్షిక నివేదికలను ఓపికగా చదువుతూ వస్తున్న నాకు ఒక అభిప్రాయం బలపడింది: దాతలు మందుకు ఇచ్చినంత ఇష్టంగా ఆ మిగతా ఖర్చుకు ఇవ్వరు; కార్యక్రమాలు కుంటుపడేది కూడా సరిగ్గా అక్కడే.

తట్టు టీకా సీసానే తీసుకుందాం. అందులో మందు పొడి రూపంలో ఉంటుంది. చాలాచోట్ల పది మోతాదుల సీసాలే వాడతారు. వేరుగా వచ్చే ద్రావకాన్ని అందులో కలిపిన తర్వాత ఆరు గంటల్లోగా వాడేయాలి, మిగిలినదాన్ని పారేయాలి. దూరపు పల్లెకు వెళ్లిన ఆరోగ్య కార్యకర్త దగ్గరకు ఆ రోజు ఇద్దరు పిల్లలే వచ్చారనుకుందాం. సీసా తెరిస్తే ఎనిమిది మోతాదులు వృథా అవుతాయి. తెరవకపోతే ఆ ఇద్దరినీ తిప్పి పంపాలి, వాళ్లు మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. కానీ "వృథా శాతం" ఎంత తక్కువగా ఉంటే సంస్థ అంత బాగా పనిచేస్తున్నట్టు భావించే దాతలు ఉన్నంతకాలం, సీసా తెరవడానికి కార్యకర్త వెనకాడుతూనే ఉంటుంది. నివేదికలో పొదుపుగా కనబడే ఆ అంకె వెనుక, టీకా పడకుండా ఇంటికి వెళ్లిపోయిన పిల్లలు ఉండవచ్చు.

ఆ సీసా మీద ఒక చిన్న గుండ్రని గుర్తు ఉంటుంది, దాని మధ్యలో లేత రంగు చతురస్రం. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం ముదురుతూ వస్తుంది; చుట్టూ ఉన్న వలయం రంగులో కలిసిపోయిందంటే ఆ మందు వాడకూడదు. 1996లో పోలియో చుక్కల సీసాలతో మొదలైన ఈ చిన్న ఏర్పాటు వల్ల, ఎండలో మైళ్ల దూరం నడిచివచ్చిన మందును నమ్మవచ్చో లేదో కార్యకర్త చూపుతోనే తేల్చుకోగలుగుతోంది. వేడి ఒక్కటే ప్రమాదం కాదు. కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసే టీకా గడ్డకట్టినా పనికిరాదు. అందుకే 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే ఫ్రిజ్, అది చెడిపోతే బాగుచేసే మనిషి, విడిభాగాలు, ఐస్ ప్యాకుల పెట్టె, కార్యకర్తకు ప్రయాణపు ఖర్చు, వేళకు జీతం, ఇవన్నీ కావాలి. వీటిలో దేని మీదా పేరు చెక్కించుకోవాలని ఏ దాతా ముచ్చటపడడు.

ఈ విషయంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతంలో జరిగిన ఒక ప్రయోగం. సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన ఆ ప్రయోగపు ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఏ ఏర్పాటూ చేయని ఊళ్లలో అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు 6 శాతమే ఉన్నారు. ప్రతి నెలా చెప్పిన రోజున తప్పకుండా శిబిరం నడిపిన ఊళ్లలో అది 18 శాతమైంది. శిబిరంతో పాటు, టీకాకు వచ్చిన ప్రతిసారీ తల్లికి కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక పళ్లేల సెట్టు ఇచ్చిన ఊళ్లలో 39 శాతానికి చేరింది. వినగానే ఇదంతా అదనపు ఖర్చు అనిపిస్తుంది. నిజానికి అన్ని టీకాలూ పూర్తయిన ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు, కానుక ఇచ్చిన ఊళ్లలోనే దాదాపు సగానికి తగ్గింది. ఎందుకంటే నర్సు శిబిరంలో రోజంతా కూర్చునే జీతం ఐదుగురు వచ్చినా ఒకటే, పాతికమంది వచ్చినా ఒకటే. కానుకలిచ్చి టీకా వేయించడమేమిటని ముఖం చిట్లించేవారు లేకపోలేదు. ఆ రోజు కూలి వదులుకుని, బిడ్డను చంకనెత్తుకుని వచ్చిన తల్లికి ఆ మాత్రం ఇవ్వడాన్ని తప్పుపట్టడం నాకు చేతకాదు.

ఉచితంగా ఇస్తే విలువ తెలియదన్న వాదన కూడా మనవాళ్లలో బలంగానే వినిపిస్తుంది. కెన్యాలో గర్భిణులకు దోమతెరలు ఇచ్చి ఆర్థికవేత్తలు జెస్సికా కోహెన్, పాస్కలిన్ డుపా దీన్ని పరీక్షించారు. కొద్దిపాటి ధర పెట్టగానే తీసుకునేవారి సంఖ్య బాగా పడిపోయింది. ఉచితంగా తీసుకున్నవారు మాత్రం కొనుక్కున్నవారికి తీసిపోకుండా వాటిని వాడారు. దీని మీద ఇంకా వాదించేవారితో నేను వాదించను.

డబ్బు ఎంత అన్నదానితో సమానంగా, అది ఎంత నిలకడగా వస్తుందన్నదీ ముఖ్యమే. పేద దేశాల పిల్లలకు టీకాలు అందించడానికి 2000లో ఏర్పడిన అంతర్జాతీయ కూటమి గావి కోసం 2006లో ఒక కొత్త పద్ధతి తెచ్చారు: ధనిక దేశాలు చాలా ఏళ్ల పాటు ఇస్తామన్న హామీలను చూపి బాండ్లు అమ్మి, ఆ సొమ్మును ముందే టీకాలకు ఖర్చు చేయడం. న్యుమోనియా వంటి జబ్బులు తెచ్చే న్యుమోకాకస్ అనే బాక్టీరియాకు వేసే టీకా విషయంలో 2009లో 150 కోట్ల డాలర్ల కొనుగోలు హామీని ముందుగానే కుదుర్చుకుని, తయారీదారులు పేద దేశాల కోసం ఉత్పత్తి పెంచేలా చేశారు. పోలియో చరిత్ర ఇదే సంగతిని మరో వైపు నుంచి చూపుతుంది. రోటరీ అనే అంతర్జాతీయ సేవా సంస్థ సభ్యులు 1985లో విరాళాలు పోగుచేయడం మొదలుపెట్టారు. 1988లో ప్రపంచవ్యాప్త ఉద్యమం ఆరంభమయ్యే నాటికి ఏటా సుమారు 3,50,000 మంది పిల్లలు ఆ వ్యాధితో పక్షవాతం పాలయ్యేవారు. భారతదేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. ఇప్పుడు సహజ పోలియో వైరస్ పాతుకుపోయి ఉన్నవి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ మాత్రమే. మిగిలిన కేసులు ఇంత తక్కువైనప్పుడు ఒక్కో కేసుకు అవుతున్న ఖర్చు చూసి దాతలు విసుగుచెందడం సహజమే. కానీ అక్కడ ఆపేస్తే ఇన్ని దశాబ్దాల ఖర్చూ తిరిగి మొదటికి వస్తుంది.

ఇక నేను చందా పంపే ముందు ఏం చూస్తానంటే, "ఇన్ని లక్షల మోతాదులు పంపిణీ చేశాం" అన్న వాక్యాన్ని పక్కనపెట్టి, రెండో మోతాదు లెక్క ఎక్కడుందా అని వెతుకుతాను. తట్టు వ్యాపించకుండా ఆగాలంటే సుమారు 95 శాతం పిల్లలకు రెండు మోతాదులూ పడాలి. 2023లో ప్రపంచవ్యాప్తంగా మొదటిది 83 శాతానికి, రెండోది 74 శాతానికే అందాయి. అదే ఏడాది 1.45 కోట్ల మంది పసివాళ్లకు కంఠసర్పి టీకా తొలి మోతాదు కూడా పడలేదు. మొదటి మోతాదుకు వచ్చి రెండోదానికి రానివాళ్లెందరు, వాళ్లను వెతకడానికి ఎవరు వెళ్లారు, ఆ మనిషికి జీతం ఎవరిచ్చారు అన్న ప్రశ్నలకు కొన్ని సంస్థల నివేదికల్లో, పిల్లల ఫొటోలన్నీ అయిపోయాక వచ్చే పట్టికల్లో, జవాబు దొరుకుతుంది. నా నెల చందా, ఫలానా పనికే వాడాలన్న షరతేమీ లేకుండా, వాటికే వెళుతోంది.