కాలవగట్టు మీద ఐదున్నర సెంట్లు

ఆదివారం, రాత్రి

కాఫీ గ్లాసు కింద పెట్టకముందే, మా తోటలో సెల్ టవర్‌కి స్థలం లీజుకి అడుగుతున్న కంపెనీ కుర్రాడు దిగాడు. భుజాన బ్యాగు, చేతిలో టేపు. కాలవగట్టు వైపు కొబ్బరితోట మూల కొలుచుకున్నాడు. ఇటు 40 అడుగులు, అటు 60. ఐదున్నర సెంట్లు.

"నెలకి 8,000 అండి మాస్టారూ. మూడేళ్ళకోసారి పది శాతం పెరుగుద్ది. 20 ఏళ్ళ అగ్రిమెంటు. కూర్చుని తినడమే మీరు."

నాన్నకి 74. "20 ఏళ్ళు కూర్చోగలగాలి కదా బాబూ" అన్నారు.

నా అనుమానం వేరు. పోయినేడు మా వీధిలో ఒకాయనకి మీ స్థలం టవర్‌కి ఎంపికైందని ఫోనొచ్చింది. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్టని కాగితం కూడా పంపి, 18,500 కట్టించుకుని మాయమయ్యారు. ట్రాయ్ అలాంటివి ఇవ్వనే ఇవ్వదని ఆయనకి తర్వాత తెలిసింది. ఈ కుర్రాడు మాత్రం డబ్బడగలేదు, పాసుపుస్తకం జిరాక్సడిగాడు. సరే, కాగితాలు ఇచ్చి వెళ్ళమన్నాను.

భోజనాలయ్యాక 14 పేజీల ఇంగ్లీషు చదివి నాన్నకి తెలుగులో చెప్పుకొచ్చాను. తొమ్మిదో పేజీలో ఆగాల్సి వచ్చింది. వాళ్ళు మూడు నెలల నోటీసిచ్చి ఎప్పుడైనా ఖాళీ చేసి పోవచ్చు. మనం మాత్రం 20 ఏళ్ళదాకా లేవమనడానికి లేదు. అదే టవర్ మీద ఇంకో ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లని ఎక్కించుకుని వాళ్ళ దగ్గర అద్దె తీసుకోవచ్చు, అందులో మనకి దమ్మిడీ లేదు. రాత్రీ పగలూ జనరేటర్ దగ్గరకి దారి వదలాలి. ఏడాది దాటిన లీజు కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు, ఆ ఖర్చు ఎవరిదో రాయాల్సిన చోట ఖాళీ వదిలేశారు. పది శాతం అంటే ఘనంగా వినబడింది గానీ, ఏడాదికి మూడు శాతం చిల్లర. లెక్కేస్తే పంతొమ్మిదో ఏట అద్దె 14,172.

అమ్మ భయం రేడియేషన్. మన దేశంలో 2012 నుంచి పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతేననీ, అనుమానముంటే ప్రభుత్వం వాళ్ళ తరంగ్ సంచార్ పోర్టల్లో 4,000 కట్టి కొలిపించుకోవచ్చనీ చెప్పాను.

"4,000 పోసి కొలిపించుకునేదాన్ని నెత్తిన పెట్టుకోవడం దేనికిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ మూలలో నాలుగు కొబ్బరిచెట్లు కొట్టెయ్యాలి. 1996 నవంబరు తుఫానుకి తోటంతా నేలకొరిగాక, మరుసటి ఏడు నాన్న నాటిన మొక్కలవి. ఆ మాట నేనెత్తలేదు. ఆయనే ఎత్తారు, అదీ లెక్కగా. "నాలుగు చెట్ల ఏడాది కాయ అమ్మినా ఒక నెల అద్దె రాదురా." అని, కాసేపాగి, "కానీ ఇవి నోటీసివ్వవు" అన్నారు.

సాయంత్రం కుర్రాడికి ఫోన్ చేశాను. ఇంట్లో సిగ్నలుండదు కదా, డాబా ఎక్కి ట్యాంకు పక్కన నిలబడి అరిచాను. మూడు నెలల నోటీసు మాకూ రాయాలి, రెండో ఆపరేటరొస్తే అద్దె పెంచాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు మీదే అని. "మేనేజరు గారినడిగి..." దగ్గర లైను తెగింది.

రేపు అమలాపురం వెళ్ళి తెలిసిన లాయరుకి కాగితాలు చూపించాలి. బుధవారం కొబ్బరికాయలు దింపేవాళ్ళొస్తారు. ఎన్ని చెట్లని వాళ్ళడిగితే, నాన్న ఆ నాలుగూ కలిపే చెప్పారు.